ఈడూ జోడూ

మన పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఈడూ జోడూ చూస్తాము. ఇరవైయేళ్ళ పిల్లకు అరవైయేళ్ళ వరుణ్ణి తీసుకువచ్చి, "ఆస్తి బోలెడు వుందండీ" అంటే వూరంతా నవ్వుతుంది. కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి చదువుకున్నవాళ్ళు కూడా యీ సంగతి మరచిపోతున్నారు. పాత విండోస్‌కు బలమైన కొత్త యంత్రాన్ని కట్టబెడితే అది మరింత హాయిగా కాపురం చేస్తుందని వారి నమ్మకం. కాపురం మాట దేవుడెరుగు, గడపే దాటదు.

ఈ పాత విండోస్ గొడవ యిప్పుడెందుకని మీరడగవచ్చు. జూబిలీ హిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల పాత కాపురస్తులు మాత్రం అడగరు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి వచ్చి యిక్కడ స్థిరపడ్డాక, దాని వెంటే డి.టి.పి. గదులూ వెలిశాయి. రచయితగారు చేతిరాతలో యిచ్చిన సీన్ పేపర్లు, డబ్బింగుకు కావలసిన డైలాగు ప్రతులు, పాటల కాగితాలు అక్కడ పేజ్‌మేకర్‌లో కొట్టేవారు.

ఆ రోజుల తెలుగు సంగతి కొంచెం చెప్పాలి. యూనికోడ్‌లో 1991లోనే మన అక్షరాలకు చోటు దొరికింది గాని, విండోస్‌లో ఆ తెలుగు అడుగు పెట్టింది 2001లో, ఎక్స్.పి.తో. అంతవరకూ మన తలకట్లూ కొమ్ములూ వొత్తులూ ఇంగ్లీషు అక్షరాల యిళ్ళలో అద్దెకు వుండేవి. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే తెలుగు మాయమై, అర్థంలేని ఇంగ్లీషు గిలుకుళ్ళు మిగులుతాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 కూడా 2001లోదే. దాని ఫైళ్ళను ఇన్‌డిజైన్ కొంతకాలం తెరిచింది. ఇప్పటి ఇన్‌డిజైన్ తెరవదు. పైపెచ్చు కొన్ని తెలుగు ప్యాకేజీలకు, దొంగప్రతుల భయంతో, ప్రింటరు తగిలించే చోట డాంగిల్ అనే చిన్న తాళం వుండేది. అది కనిపిస్తేనే తెలుగు కదిలేది. ఇప్పటి యంత్రాలకు ఆ ప్రింటరు పోర్టు వుండడమే అరుదు.

మా వీధిలో వొకావిడ వున్నారు. వారి ఆయన యిరవైయేళ్ళ పాటు పగలంతా యితరుల సీన్ పేపర్లు కొట్టి, రాత్రిళ్ళు కూర్చుని సొంత కథ వొకటి కొట్టుకున్నారు. అది సినిమా కాలేదు. ఆయన పోయారు. కాగితం ప్రతి యెవరి చేతుల్లో పడి యెటు పోయిందో తెలియదు. మిగిలింది విండోస్ 98 వున్న పాత డబ్బా; అదీ లేవడం మానేసింది. పిల్లలు అమెరికా నుంచి "పారేయమ్మా" అన్నారు. వొక దుకాణంవాడు కొత్త యంత్రం అంటగట్టి, పాత డిస్కును తీగతో తగిలించి, ఫైళ్ళ పేర్లు చూపించి డబ్బు పుచ్చుకుని వెళ్ళాడు. పేర్లు కనిపిస్తున్నాయి, వొక్కటీ తెరుచుకోదు.

"అన్నయ్యగారూ, ఆయన కథ అందులోనే వుంది. నేను వొక్కసారి చదువుకోవాలి, అంతే" అన్నారావిడ.

ఇలాంటిది మీ యింట్లో వుంటే మొట్టమొదట చేయవలసింది యంత్రం కొనడం కాదు. ఆ డిస్కును మాటిమాటికీ తిప్పకుండా, ఐ.డి.ఇ. నుంచి యు.ఎస్.బి.కి మార్చే తీగతో మొత్తం డిస్కుకు వొక ప్రతి తీయించండి. ప్రయోగాలన్నీ ప్రతి మీదే. అసలుది బీరువాలో వుండాలి.

ఆ తర్వాత సంబంధాల వేట. విండోస్ 98 పుట్టింది 1998 జూన్‌లో. దానికి తెలిసిన లోకం అప్పటిది. ర్యాము 512 మెగాబైట్లు దాటితే తికమకపడుతుంది, గిగాబైటు దాటితే చాలాసార్లు లేవనే లేవదు. నా వోటు 256కు. డిస్కు 137 గిగాబైట్లు మించితే ఆ హద్దు దగ్గర లెక్క తప్పి, ముందు వ్రాసినదాని మీదే వ్రాసే ప్రమాదం వుంది. నలభై గిగాబైట్ల పాత ఐ.డి.ఇ. డిస్కు దొరికితే అదే మహాభాగ్యం. బొమ్మ చూపించే కార్డుకు 98 యెరిగిన డ్రైవరు వుండాలి. ఎన్‌విడియావారి టి.ఎన్.టి.2, జీఫోర్స్ 2 ఎమ్.ఎక్స్. అందుకు నిక్షేపంగా సరిపోతాయి. ఖరీదైన కొత్త కార్డు పెడితే పదహారు రంగులతో పేలవంగా చూస్తూ కూర్చోవాలి.

బోర్డు మాటకొస్తే, ఇంటెల్‌వారి 440 బి.ఎక్స్. చిప్‌సెట్ వున్నదాన్ని మించిన వరుడు లేడని నా అభిప్రాయం. అదీ 1998లోదే. పెంటియమ్ 2, పెంటియమ్ 3 దాని మీద కూర్చుంటాయి. ప్రింటరు పోర్టు వుంటుంది కనుక తాళానికి చిక్కులేదు. ఐ.ఎస్.ఏ. స్లాట్లు కూడా వుంటాయి కనుక, డాస్ కాలంలో సి-డాక్‌వారి జిస్ట్ కార్డుతో తెలుగు నడిపినవారికీ పనికి వస్తుంది. తమాషా యేమిటంటే, యీనాడు పెద్ద కంపెనీలు వాడే వి.ఎమ్.వేర్ కల్పించే వూహాయంత్రం కూడా తాను 440 బి.ఎక్స్.నని చెప్పుకుంటుంది! తాళం బెడద లేనివారు 86బాక్స్ వంటి వూహాయంత్రంతోనే పని గడుపుకోవచ్చు. ఖర్చు లేదు, దుమ్మూ లేదు.

అందరికీ 98 అక్కరలేదు కూడా. పేజ్‌మేకర్, ఫాంట్లు మాత్రమే కావాలంటే ఎక్స్.పి. చాలు. దానికి 2006 తర్వాతి కోర్ 2 డ్యుయో యంత్రాలు చౌకగా దొరుకుతాయి. బయాస్‌లో డిస్కును ఐ.డి.ఇ. పద్ధతికి మార్చడం మరవకండి, లేకపోతే నీలితెర పలకరిస్తుంది. ఏదైనా సరే ఇంటర్నెట్టుకు తగిలించవద్దు. మైక్రోసాఫ్ట్ 98ని 2006 జులైలో, ఎక్స్.పి.ని 2014 ఏప్రిల్‌లో వదిలేసింది. అడిగే దిక్కు లేదు.

కొనేటప్పుడు బోర్డు మీద నిలబడి వుండే కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా వుండాలి. వుబ్బినా, గోధుమరంగు జిగురు కారినా దణ్ణం పెట్టి వచ్చేయండి. 2000 ప్రాంతాల బోర్డులు యెన్నో యీ రోగంతోనే పోయాయి. ఆవిడగారి డబ్బా చచ్చిందీ అందుకే.

సికింద్రాబాదు పార్కులేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే నవ్వారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడో వారానికి వొక బి.ఎక్స్. బోర్డు, పెంటియమ్ 3తో సహా, తూకానికి అమ్మే యినుము పక్కన కనిపించింది. ప్రతి డిస్కు తగిలించాము. 98 కొత్త బోర్డును చూసి కాసేపు బెట్టుచేసి, సి.డి. అడిగి, మూడుసార్లు పడుకుని లేచింది. ఆయన తాళాన్ని ప్రింటరు పోర్టుకు పెట్టి ఫైలు మీద నొక్కితే, తెలుగు! నూట పన్నెండు పేజీలు.

ఆవిడ మాట్లాడలేదు. కళ్ళజోడు తెచ్చుకున్నారు.

తెరుచుకుంది గదా అని వూరుకోకూడదు. ఆ బోర్డు రేపు వుంటుందో లేదో. పేజీలను పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింటు చేసి, కొత్త యంత్రంలో పి.డి.ఎఫ్.గా మార్చాము. మాటలను వేరే తీసి యూనికోడ్‌లోకి తిప్పాము. తిప్పే యంత్రాలకు వొత్తుల దగ్గర మతిమరుపు. కథానాయిక అత్తగారు నాలుగుచోట్ల "అతగారు" అయింది. అచ్చు కాగితం పక్కన పెట్టుకుని మనిషి చదివి దిద్దవలసిందే. ఆ పని ఆవిడ యెవరికీ యివ్వనన్నారు. రోజుకు నాలుగు పేజీల చొప్పున తామే దిద్దుతున్నారు.