పాత తుపాకి – నేర్పరి చేయి

పాములపాడు వంటి గ్రామములలో, తాతలనాటి రిమ్‌ఫైరు తుపాకికి బోల్టును సూదియును లేకున్నచో, అది వట్టి ఇనుమని యెంచువారు కలరు. 1959 నాటి ఆయుధ చట్టమట్లు తలంపదు. మరమ్మతు చేసినను పేలనిదే దాని దృష్టిలో వట్టి ఇనుము. లైసెన్సు లేక మరమ్మతు చేయుట నేరము. ఇది న్యాయమే. రిమ్‌ఫైరు తూటాలో రగులుమందు అంచుననే యుండును. కొలత తప్పిన బోల్టు వలన ఆ యంచు చీలెనేని, వెలువడు వేడిగాలి పేల్చువాని కంటికే ముప్పు. అయితే, దొరలను విడిచి మనవారిని నిరాయుధులను జేసిన 1878 నాటి చట్టపు అనుమానము స్వరాజ్యమున నేర్పరిపై నిలువరాదు. పరీక్షించి లైసెన్సిచ్చిన మరమ్మతుదారులు నంద్యాల సీమలోనే లభించునట్లు ప్రభుత్వము చేయవలయునని మేము కోరుచున్నాము. దొంగచాటు మరమ్మతును మాన్పు మార్గమిదియే.