లోకో పైలట్‌కి పీఎన్నార్ నంబరు ఉండదా?

సంక్రాంతికి ఊరెళ్ళడానికి టికెట్ బుక్ చేస్తే కన్ఫర్మ్ కాకపోయినా వెయిటింగ్ లిస్టులో ఒక నంబరు వస్తుంది. ఇక రోజుకి నాలుగుసార్లు పీఎన్నార్ కొట్టి చూసుకుంటాం. 47 కాస్తా 31 అవుతుంది, 31 కాస్తా 12 అవుతుంది. దొరుకుతుందో లేదో చివరిదాకా తెలీదు గానీ, ఎక్కడున్నామో మాత్రం ప్రతి నిమిషం తెలుస్తూనే ఉంటుంది. రైలెక్కాక కూడా అంతే. బండి ఏ స్టేషన్ దాటింది, ఎన్ని నిమిషాలు లేటు, అన్నీ ఫోన్లోనే.

ఇప్పుడు అదే రైలు ఇంజన్లో కూర్చోబోయే కుర్రాడి సంగతి చూద్దాం. పరీక్షలన్నీ పాసయ్యాడు, డాక్యుమెంట్లు చూపించాడు, మెడికల్ కూడా అయిపోయింది. ట్రైనింగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. తన ముందు ఎంతమంది ఉన్నారో తెలీదు. ఏ నెలో కాదు, ఏ సంవత్సరమో కూడా గట్టిగా చెప్పలేడు. ప్రయాణికుడికి ఇంత చక్కగా లెక్క చెప్పే రైల్వే, తన డ్రైవర్ కాబోయేవాడికి ఒక్క నంబరు ఎందుకివ్వదు? నా గొడవంతా ఇదే.

మనలో చాలామందికి ఈ లోకం తెలీదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. (నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. నాతోపాటు చదివినవాళ్ళలో కొందరు అటు వెళ్ళారు కాబట్టి కొంచెం తెలుసు.) రైల్వేలో ఎవరూ నేరుగా డ్రైవర్ కారు. ముందు అసిస్టెంట్ లోకో పైలట్‌గా, అంటే ఏఎల్‌పీగా చేరాలి. పదో తరగతి మీద ఐటీఐ ఉండాలి, లేదా సంబంధిత బ్రాంచిలో డిప్లొమా గానీ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ ఉండాలి. మొదటి పరీక్ష, రెండో పరీక్ష అయ్యాక కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ టెస్టు ఉంటుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, దూరం అంచనా వెయ్యడం, చూసింది ఎంత త్వరగా పోల్చుకుంటాడు, ఇలాంటివన్నీ కొలుస్తారు. అందులో ఉన్న ప్రతి టెస్టులోనూ కనీసం 42 టీ-స్కోరు రావాలి. ఏ కేటగిరీ వాళ్ళకైనా ఇందులో సడలింపు లేదు. ఒక్కదాంట్లో తక్కువొచ్చినా ఇంటికే.

ఆ తర్వాత మెడికల్. రైల్వేలో అన్నిటికన్నా కఠినమైన ఏ-1 కేటగిరీ. కళ్ళజోడు లేకుండా రెండు కళ్ళూ 6/6 ఉండాలి. లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే పనికిరారు. రంగులు గుర్తుపట్టగలగాలి, రాత్రి చూపు బాగుండాలి. రోజుకి పది గంటలు మానిటర్ చూసే మనలో ఎంతమంది ఇందులో పాసవుతామో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవచ్చు :)

ఇంత వడపోత ఉండాల్సిందే. వెనకాల వెయ్యిమందిని కూర్చోబెట్టుకుని నడిపే మనిషి. సిగ్నల్ ఎర్రగా ఉందో పచ్చగా ఉందో చూసి, పైకి చెప్పి, పక్కనున్న లోకో పైలట్‌తో సరిచూసుకోవడం ఏఎల్‌పీ పనిలో భాగం. అక్కడ తేడా వస్తే మన పనిలోలాగా రోల్‌బ్యాక్ ఉండదు. కాబట్టి పరీక్షించడానికి పట్టే టైము గురించి నాకే ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా పరీక్షకీ పరీక్షకీ మధ్య, అన్నీ అయ్యాక ట్రైనింగుకీ మధ్య, ఊరికే గడిచిపోయే టైము గురించి.

కొన్ని తేదీలు చూడండి. 2018 ఫిబ్రవరిలో ఏఎల్‌పీ, టెక్నీషియన్ పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. మొదట 26,502 పోస్టులన్నారు, తర్వాత 64 వేలు దాటించారు. దరఖాస్తులు 47 లక్షల పైనే. మొదటి పరీక్ష అదే ఏడాది ఆగస్టులో, రెండోది 2019 జనవరిలో, ఆప్టిట్యూడ్ టెస్టు 2019 మేలో. 2020 జూలైలో రైల్వే శాఖే చెప్పిన లెక్క ప్రకారం ఏఎల్‌పీలుగా ఎంపికైన సుమారు 27 వేల మందిలో నియామక పత్రాలు అందినవాళ్ళు సుమారు 22 వేలు. అంటే నోటిఫికేషన్ వచ్చిన రెండున్నరేళ్ళకి కూడా కొన్ని వేలమంది కాగితం కోసం చూస్తూనే ఉన్నారు. కొవిడ్ కొంత కారణమే, కాదనను. ఇంతకీ ఆ ఏఎల్‌పీ ట్రైనింగ్ ఎంతకాలమో తెలుసా? 17 వారాలు. నాలుగు నెలల చదువు కోసం రెండున్నరేళ్ళ ఎదురుచూపు అన్నమాట.

ఆ తర్వాత మళ్ళీ ఏఎల్‌పీ నోటిఫికేషన్ వచ్చింది 2024 జనవరిలో. మధ్యలో ఆరేళ్ళు ఏమీ లేదు. అప్పుడు ప్రకటించినవి 5,696 పోస్టులు. ఆ ఏడాది జూన్ 17న పశ్చిమ బెంగాల్లో రంగాపానీ దగ్గర కాంచనజంఘా ఎక్స్‌ప్రెస్‌ని గూడ్సు బండి గుద్దింది. ఆ వెంటనే, అదే వారంలో, పోస్టుల సంఖ్య 18,799కి పెరిగింది. అంటే మూడు రెట్లకి పైన. ఖాళీలు ఒక్క వారంలో పుట్టుకురావు కదా. అప్పటిదాకా ఆ సీట్లలో మనుషులు లేకుండానే బండ్లు నడిచాయి, ఉన్నవాళ్ళే నడిపారు. మొదటి పరీక్ష నవంబర్లో జరిగింది. రెండోది 2025 మార్చిలో మొదలై, సాంకేతిక కారణాలతో మధ్యలో ఆగి, మేలో పూర్తయింది. ఆప్టిట్యూడ్ టెస్టు జూలైలో. డాక్యుమెంట్లు, మెడికల్, జోన్ పిలుపు, ట్రైనింగ్ బ్యాచి, ఇవన్నీ దాని తర్వాతే.

మా పిన్ని కొడుకు ఇలాగే వరసలో ఉన్నాడు. మెకానికల్ డిప్లొమా చేసి విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. వాడు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నయ్యా, ఇక్కడ మానెయ్యనా, ఉండనా?" మానేస్తే ఇంట్లో ఖర్చులెలా? ఉంటే, ఎప్పుడు వెళ్ళిపోతాడో తెలీని కుర్రాడికి షెడ్డు ఓనరు కొత్త పనెందుకు నేర్పుతాడు? సంబంధాల వాళ్ళు "అబ్బాయి రైల్వేలోనట కదా" అంటూ వస్తారు, "చేరాడా?" అంటారు, "ఇంకా లేదండీ" అనగానే కాఫీ తాగి వెళ్ళిపోతారు. కళ్ళు పాడవుతాయేమోనని రాత్రిళ్ళు ఫోన్ చూడ్డం మానేశాడు. వెల్డింగ్ జరుగుతుంటే పక్కకి వెళ్ళిపోతున్నాడు. చేరని ఉద్యోగానికి ఇప్పట్నించే డ్యూటీ చేస్తున్నాడు వాడు, జీతం లేకుండా. చేరాక కూడా ట్రైనింగ్‌లో ఇచ్చేది స్టైపెండే. అది అయ్యాకే 19,900 మూల వేతనం.

మన దగ్గర కూడా ఇది లేకపోలేదు. 2022లో క్యాంపస్ ఆఫర్ చేతిలో పెట్టుకుని రెండేళ్ళు జాయినింగ్ డేటు కోసం ఎదురుచూసిన పిల్లలున్నారు. అప్పుడు మనమంతా కోప్పడ్డాం, ట్వీట్లు పెట్టాం, కార్మిక శాఖకి ఫిర్యాదులు వెళ్ళాయి. అదే ఎదురుచూపు గవర్నమెంటు ఉద్యోగానికైతే మాత్రం "ఎలాగూ జీవితాంతం ఉండే ఉద్యోగం, కొన్నాళ్ళు ఆగలేడా" అంటాం. మనకి ప్రాజెక్టు లేకపోతే బెంచి మీద కూర్చోబెట్టి జీతమిస్తారు. వాడికి బెంచి కూడా లేదు, ప్లాట్‌ఫారమే.

"కొన్నాళ్ళు ఆగితే పోయేదేముంది" అనేవాళ్ళకి రెండు విషయాలు.

ఒకటి, సీనియారిటీ. రైల్వేలో ట్రైనింగుకి పంపి తీసుకునే ఉద్యోగాల్లో, ఏ బ్యాచ్‌లో ట్రైనింగ్ పూర్తిచేశాడన్నదాన్ని బట్టి సీనియారిటీ ఉంటుంది. ఆఫీసు కారణాల వల్ల వెనకబడినవాడికి రక్షణగా ఒక నిబంధన ఉంది, నిజమే. కానీ తన నంబరు ఎక్కడుందో తెలిస్తే కదా, తనకి రావాల్సిన బ్యాచి తప్పిపోయిందని తెలిసేది? ఏఎల్‌పీ నుంచి షంటర్, గూడ్సు, ప్యాసింజర్, మెయిల్ దాకా ఎక్కే ప్రతి మెట్టుకీ ఈ లెక్కే అడ్డమో దారో అవుతుంది.

రెండోది, పింఛను. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ళకి పాత పింఛను పోయి కొత్త పథకం వచ్చింది. అంతకుముందే నోటిఫికేషన్ వచ్చి, పరీక్షలు రాసి, ఆఫీసుల ఆలస్యం వల్ల ఆ తేదీ దాటాక చేరినవాళ్ళు కేంద్ర ప్రభుత్వంలో చాలామందే ఉన్నారు. వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2020లో కొందరికీ, 2023లో మరికొందరికీ పాత పింఛను ఎంచుకునే వీలిచ్చారు. కొన్ని నెలల ఆలస్యాన్ని సరిదిద్దడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. ఎదురుచూపు ఖరీదు ఎంతో ఎదురుచూసే రోజున తెలీదు, రిటైరయ్యే రోజున తెలుస్తుంది.

ఇది ఎదురుచూసేవాడి బాధ మాత్రమే కూడా కాదు. వాడు ఎక్కాల్సిన ఇంజన్ ఈ రాత్రి కూడా నడుస్తుంది, ఇంకెవరో నడుపుతారు. 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు వారపు విశ్రాంతి కోసం ఆందోళన చేశారు. 2025 ఫిబ్రవరిలో లోకో పైలట్లు 36 గంటల నిరాహార దీక్ష చేశారు, అందులోనూ ముఖ్యమైన డిమాండ్లలో విశ్రాంతి ఒకటి. మనిషి లేనప్పుడు విశ్రాంతి ఎక్కణ్ణించి వస్తుంది? ఇక్కడ పని లేక నిద్రపట్టనివాడూ, అక్కడ పని ఎక్కువై నిద్ర చాలనివాడూ ఒకే క్యూకి రెండు చివరలు. మధ్యలో ఉన్న ఫైలు కదిలితే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఆ వెనకాల బెర్తు మీద పడుకున్న మనకి కూడా.

మరి ఆలస్యం ఎక్కడ? నోటిఫికేషన్లోనే రాసి ఉంటుంది. బోర్డు పని పేర్లు సిఫార్సు చెయ్యడం వరకే. నియామక పత్రం ఇచ్చేది రైల్వే జోన్. ఎంపికైనంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదు అని కూడా స్పష్టంగా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఒక టీం టికెట్ క్లోజ్ చేసింది, ఇంకో టీం ఇంకా ఓపెన్ చెయ్యలేదు. మధ్యలో ఉన్న టికెట్‌కి ఓనర్ లేడు. ఇలాంటివి మనం రోజూ చూస్తాం. ప్రొడక్షన్లో సమస్యలు ఎక్కువగా కోడ్‌లో కాదు, ఇలాంటి అప్పగింతల దగ్గరే ఉంటాయి.

జోన్ల ఇబ్బందులు కూడా ఉన్నాయి. ట్రైనింగ్ సెంటర్లో సీట్లు ఇన్నే, హాస్టల్లో మంచాలు ఇన్నే, సిమ్యులేటర్లు ఇన్నే. ఒకేసారి అందర్నీ పిలవలేరు, బ్యాచిలుగానే పిలవాలి. ఒప్పుకుంటాను. తొందరపెట్టి ట్రైనింగ్ వారాలు తగ్గించమని అసలే అనను. కానీ బ్యాచిలుగా పిలవాలంటే వరస ఉండాలి కదా. ఆ వరస వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది. దాన్ని వరసలో నిలబడ్డవాడికి కూడా చూపించమంటున్నాను, అంతే.

ఏమేం చూపించాలి? నాలుగే నాలుగు విషయాలు. నీ ఫైలు ఇప్పుడు బోర్డులో ఉందా, జోన్‌లో ఉందా. మెడికల్ ఫలితం చేరిందా. వరసలో నీ నంబరెంత. తర్వాతి బ్యాచి ఏ నెలలో, అందులో ఎన్ని సీట్లు. తేదీ మారితే మారనివ్వండి, రైలు లేటైతే మనం చావం కదా, "రెండు గంటలు ఆలస్యంగా నడుస్తోంది" అని చెప్తే టీ తాగి కూర్చుంటాం. చెప్పకపోతేనే పిచ్చెక్కేది. రోజుకి లక్షల టికెట్ల వెయిటింగ్ లిస్టు నడిపే వ్యవస్థకి 18,799 మంది లిస్టు చూపించడం సాంకేతికంగా కష్టం అంటే, ఇది చదివేవాళ్ళలో ఎవరూ నమ్మరు.

2024లో రైల్వే ఒక మంచి పని చేసింది. ఏడాదిలో ఏ మూడు నెలల్లో ఏ నోటిఫికేషన్ వస్తుందో క్యాలెండర్ ప్రకటించింది. ఏఎల్‌పీకి జనవరి నుంచి మార్చి. 2025లో 9,970 పోస్టులకి నోటిఫికేషన్ కూడా వచ్చింది. ఆరేళ్ళ ఖాళీతో పోలిస్తే ఇది చాలా నయం. కాకపోతే అది తలుపు తెరిచే తేదీ. లోపలికెళ్ళినవాడు బయటికి ఎప్పుడొస్తాడో చెప్పే తేదీ ఇంకా రావాలి. నోటిఫికేషన్‌కి క్యాలెండర్ పెట్టగలిగినవాళ్ళు ట్రైనింగ్ బ్యాచ్‌లకీ పెట్టగలరు.

మా తమ్ముడికి నేనిచ్చిన సలహా కూడా చెప్పేస్తాను, ఇలాంటివాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉంటారు కాబట్టి. కాగితం చేతికొచ్చేదాకా ఉన్న పని మానొద్దు. ఓనరుకి ఉన్న విషయం చెప్పెయ్యి, దాచొద్దు. కళ్ళు జాగ్రత్త. నీ ప్యానెల్లో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఉండండి, ఎవరికి పిలుపొచ్చిందో ఎవరికి రాలేదో రాసి పెట్టుకోండి. మూణ్ణెల్లకోసారి సమాచార హక్కు చట్టం కింద "నా ప్యానెల్లో ఎంతమందిని ట్రైనింగుకి పంపారు, చివరిగా పంపినవాడి వరస నంబరెంత" అని ఒక దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలే. ఒక ప్లాట్‌ఫారం టికెట్ అంత. వాళ్ళంతట వాళ్ళు నంబరిచ్చేదాకా, మనమే అడిగి తీసుకోవాలి.