నేల గుణం చెరపని ఆట

లండన్‌కు నైరుతిలోని సన్నింగ్‌డేల్ గోల్ఫ్ మైదానం 1901లో ఇసుక నేలపై, హెదర్ పొదల మధ్య వెలిసింది. అలాంటి పాత మైదానాలను బాగుచేసేటప్పుడు, తర్వాత కమ్ముకున్న చెట్లను తొలగించి ఆ పొదలకు ఎండ తగలనిస్తున్నారు.

నేల సహజ గుణాన్ని నిలబెట్టే ఆ వివేకం మన హైదరాబాద్‌లోని గోల్కొండ నయాఖిల్లాకూ కావాలి. మొగలుల దాడి దరిమిలా 1656లో కోటకు చేర్చిన ఆ ప్రాంగణంలోనే గోల్ఫ్ మైదానం, కుతుబ్‌షాహీ తోటల ఆనవాళ్లు, హతియాన్ కా ఝాడ్ అనే నాలుగు శతాబ్దాల మహావృక్షం ఉన్నాయి. అక్కడ ఆటకన్నా చరిత్రే పెద్దది.

నగర శివార్లలోని రావల్కోల్, మేడ్చల్‌లలో రేపు ఏ గోల్ఫ్ మైదానం తలపెట్టినా, ఉన్న నేలను చెరపకపోవడమే కొలమానం కావాలి. బండరాళ్లు, తుప్పలు, వాన నీటి దారులు చెక్కుచెదరకూడదు. బోరునీళ్లు తోడి పరాయి పచ్చికను పోషించడం అభివృద్ధి అనిపించుకోదు.