కడపటి తూము సాక్ష్యము

సుంకేసుల మొదలు కడప వరకు సాగు కర్నూలు–కడప కాలువ ప్రజాధన వినియోగమునకు పాత పాఠము. దానిని త్రవ్వించిన కంపెనీకి 10 లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడెను. చేలు తడిసినను ఎండినను వడ్డీ ముట్టుచుండగా పొదుపెవ్వరికి కావలయును? తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను.

ఆ కంపెనీ పోయినది. ఆ బుద్ధి పోలేదు. నేటికిని వెచ్చించిన కోట్లే ఘనతగా చాటబడుచున్నవి. కడపటి తూమునకు నీరు చేరినదా యను ప్రశ్న వినబడుట అరుదు. 1997నాటి చట్టము రైతులకు నీటి సంఘముల నొసగినది. ఖర్చును, తడిసిన ఎకరములను ఏటేట పక్కపక్కన వ్రాసి పంచాయతీ గోడపై అంటింపుడని ఆ సంఘములు పట్టుపట్టవలెను. ఏరెండిన యేటి మాట వేరు. తక్కిన యేండ్లలో కడపటి తూము పారిన పిమ్మటనే కంట్రాక్టరుకు కడపటి బిల్లు చెల్లింపవలెను. రాయలసీమలో నీటిచుక్క యెంత ప్రియమో ప్రజల రూపాయియు నంత ప్రియమైనదే.