అత్తయ్య పాట కాపీ పాటేనా?

సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ మా అత్తయ్య కూనిరాగం తీస్తుంటారు. హనుమాన్ జంక్షన్‌లో హైవేకి దగ్గరి ఇల్లు మాది. లారీల హారన్ల మధ్య కూడా ఆ రాగం వంటింట్లో ఉన్న నాకు వినిపిస్తుంది. 'ఆరాధన'లో ఎన్టీఆర్‌కి మహమ్మద్ రఫీ పాడిన జంటపాట, ఎస్. జానకితో కలిసి. మామయ్యగారు పోయాక ఆవిడ పాడుకునేది ఆ ఒక్కటే.

మొన్న సెలవులకి వచ్చిన మావాడు ఫోన్‌లో హిందీ పాట పెట్టి, "నానమ్మా, నీ పాట కాపీ!" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి అత్తయ్య పాడటం మానేశారు. నాలుగు రోజులు ఇల్లు బోసిపోయినట్టుంది.

వాడు చెప్పింది అబద్ధం కాదు. 1970లో వచ్చిన హిందీ 'గీత్'కి 1976 నాటి మన 'ఆరాధన' రీమేక్. బాణీ అక్కడిదే. హిందీలో పాడిన రఫీయే తెలుగులోనూ పాడారు. కానీ "కాపీ" అన్న ఒక్క మాటతో ఆ పాట విలువ తేల్చేయడం తప్పని నా అభిప్రాయం.

ఇది మన ఒక్కళ్ళ సంగతే కాదు. ఫ్రాన్స్‌లో ఎడిత్ పియాఫ్ పాడిన ఓ ప్రేమపాటని జపాన్‌లో కోషిజి ఫుబుకి జపనీస్‌లో పాడారు. ఫ్రెంచ్ పాటలో ప్రేమకోసం దేశాన్నీ, స్నేహితుల్నీ కూడా వదులుకుంటాననే తెగింపు ఉంటుంది. ఇవాతానీ తోకికో రాసిన జపనీస్ మాటల్లో ఆ తెగింపు స్థానంలో మెత్తని అనురాగం వచ్చింది. అక్కడ పెళ్ళిళ్ళలో కూడా ఆ పాట పాడుకుంటారు. బాణీ బయటిదే, మనసు మాత్రం వాళ్ళది.

అలాగని ఎవరి దగ్గర తీసుకున్నామో దాచిపెడితే నేను ఒప్పుకోను. నా పులిహోర బాగుందంటే అత్తయ్య దగ్గర నేర్చుకున్నానని చెప్తాను. చెప్పకపోతే అది దొంగతనమే. చెప్పాక మాత్రం ఆ పులిహోర నా చేతిదే కదా!

ఐదో రోజు మావాణ్ణి నానమ్మ పక్కన కూర్చోబెట్టి రెండు పాటలూ వినిపించమన్నాను. అత్తయ్య శ్రద్ధగా విన్నారు. "ఆ పలుకులో తేడా మాకు అప్పుడే తెలుసురా. ఎవరో ఉత్తరాదాయన మన మాటలు ఎంత ఇష్టంగా పలుకుతున్నాడోనని మీ తాతయ్య అనేవారు" అన్నారు. తాతయ్య ఇంకేమనేవారని వాడు అడిగాడు. ఆ సాయంత్రమంతా ఆవిడ చెబుతూనే ఉన్నారు.

ఏది ముందు పుట్టిందో ఫోన్ చెబుతుంది. ఎవరి జీవితంలోకి ఏది ముందొచ్చిందో ఆ మనిషినే అడగాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పాడుకునే పాటని కాపీ అనేముందు ఒక్కసారి అడిగి చూడండి.