మన ముఖంలో అతుకులు

పిల్లలూ! నాలుకతో అంగిలిని తడిమి చూడండి. నడుమ సన్నని గీత తగులుతుంది. అది అతుకు!

తల్లి కడుపులో 4వ వారాన శిశువుకు ముఖమే ఉండదు. నోరు రాబోయే గుంట చుట్టూ 5 బుడిపెలుంటాయి. అవే పెరిగి, కలిసి, ముక్కూ పెదవులూ దవడలూ అవుతాయి. అంగిలి మొదట రెండు రేకులుగా నాలుకకు ఇరుప్రక్కలా వేలాడుతుంది. నాలుక దిగగానే అవి పైకి లేచి, 12వ వారానికల్లా అతుక్కుంటాయి.

ఒక్కొక్కప్పుడు పెదవిగాని, అంగిలిగాని అతుక్కోదు. పెదవి చీలికను గ్రహణమొర్రి అంటారు. గ్రహణంవేళ తల్లి కదిలినందువల్ల వచ్చిందనడం వట్టిమాట. శస్త్రచికిత్సతో దానిని సరిచేస్తారు.

అటువంటి నేస్తాన్ని ఎగతాళి చేయకండి. అందరివీ అతుకుల ముఖాలే! ఆ ఒక్క అతుకు డాక్టరుగారు వేశారు, అంతే.