బేబ్ రూత్ ఈడువాడు, మన నాయుడు

మొన్న మా అబ్బాయి బడి నుంచి రాగానే సంచీ కూడా దించకుండా, "నాన్నా, మనకి బేబ్ రూత్ ఎవరు?" అనడిగాడు. ఇక్కడి బళ్లలో బ్రెన్‌బాల్ ఆడిస్తారు కదా, బంతి విసిరి చుట్టూ పరిగెత్తే ఆట. దాని సందర్భంలో టీచరుగారు అమెరికా బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ కథ చెప్పారట. ఆయన పూర్వులు జర్మన్లే. ఒకప్పుడు మన బ్రెమెన్ ఓడలెక్కి ఎందరో జర్మన్లు ఆయన ఊరైన బాల్టిమోర్‌కే చేరేవారు. అందుకే క్లాసులో అందరికీ ఆయన "మనవాడు" అయిపోయాడు, మావాడికి తప్ప.

"సీకే నాయుడు" అన్నాను. విచిత్రం చూడండి, ఇద్దరూ 1895లోనే పుట్టారు. రూత్ ఫిబ్రవరిలో, కొఠారి కనకయ్య నాయుడు అక్టోబర్ 31న.

పిల్లలూ, ఇది మీకోసం. 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద నాయుడు రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు కొట్టాడు. అందులో 11 సిక్సర్లు! మనవాళ్లూ తెల్లవాళ్లకి దీటుగా ఆడగలరని ఆ రోజు అందరికీ తెలిసింది. రెండేళ్లకి క్రికెట్ బోర్డు పుట్టింది.

1932లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకి నాయకుడు పోర్‌బందర్ మహారాజా. ఆటలో తన స్థాయి తెలిసిన మనిషి కాబట్టి లార్డ్స్‌లో జరిగే మన మొట్టమొదటి టెస్టుకి ఆయన తప్పుకున్నారు. (ఇలాంటి మేనేజర్లు మా ఐటీలో బహు అరుదు!) ఉపనాయకుడూ ఆడలేదు. అలా నాయుడు భారతదేశపు తొలి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు. మ్యాచ్ ఓడిపోయాం గానీ, మొదటి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేసింది ఆయనే. ఆ పర్యటనలోనే ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒక సిక్సర్ పక్కనున్న ఏరు దాటి వేరే కౌంటీలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రూత్ 1935లో ఆట మానేసి, 1948లో 53 ఏళ్లకే పోయాడు. నాయుడు మాత్రం ఆ వయసు దాటాక కూడా ఆడుతూనే ఉన్నాడు. దత్తూ ఫడ్కర్ వేసిన బంతి తగిలి పళ్లు ఊడినా క్రీజు వదల్లేదు. చివరి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడేనాటికి 68 ఏళ్లు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967లో ఇండోర్‌లో కన్నుమూశారు.

అంతా విని మావాడు అసలు ప్రశ్న వేశాడు. "నాగ్‌పూర్‌లో పుట్టి, ఇండోర్‌లో హోల్కర్ జట్టుకి ఆడితే తెలుగాయన ఎలా అవుతాడు?"

పూర్వీకులది మచిలీపట్నం అన్నాను. వాడికి ఆనలేదు. వాడు పుట్టింది బ్రెమెన్‌లో, బందరు ఎప్పుడూ చూడలేదు. వాడు అడుగుతున్నది నాయుడి గురించి మాత్రమే కాదని అప్పుడు వెలిగింది నాకు.

"1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ ఆడినప్పుడు కెప్టెన్ ఎవరనుకున్నావు? ఆయనే, 58 ఏళ్ల వయసులో" అన్నాను.

కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అయితే నాకింకా 48 ఏళ్లు టైముంది" అని బంతి తీసుకుని బయటికి పరిగెత్తాడు.